సమాధుల మూలలో పైపొర

మట్టికి వయసు కట్టడం నా పని. ఈ మాట చెప్పగానే చాలామంది "భూసార పరీక్షలా?" అంటారు. ఒకప్పుడు కాదని ఓపిగ్గా వివరించేదాన్ని. ఇప్పుడు అవునని తల ఊపి ఊరుకుంటున్నాను. యూరియా ఎంత వెయ్యాలో అడిగి, నాకు తెలీదని తెలిశాక, ఇంత చదివి ఏం లాభమని మొహం మీదే అన్నవాళ్లున్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. నా కోపమంతా వేరే చోట ఖర్చయిపోయింది. ఆ సంగతే ఇది.

కర్నూలు నుంచి కల్లూరు దాటి పడమటికి కొంత దూరం పోతే మా ఊరు. ఊరి వెనక గ్రానైటు గుట్ట, గుట్ట కింద మా చేను. గుట్ట రాయి ఎండకు పగిలి, వానకు నాని, పెచ్చులు పెచ్చులుగా ఊడి, చివరికి ఎర్రమట్టి అవుతుంది. చిన్నప్పటినుంచీ కళ్లముందు జరుగుతున్నదే, కానీ ఎంత కాలానికి జరుగుతుందో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. జానెడు మట్టి తయారు కావాలంటే ఎన్ని వేల ఏళ్లు పడుతుంది? ఆ జానెడు మట్టి ఎన్ని వానలకు కొట్టుకుపోతుంది? వచ్చేదానికంటే పోయేది ఎక్కువైతే మా సీమలో కొన్నాళ్లకు రాయే మిగులుతుంది. పీహెచ్‌డీకి నేను పట్టుకున్న ప్రశ్న ఇదే. గైడు సారు మొదటిరోజే, "ఇది ఎండలో తిరిగే పని, ఏసీ గదిలో కూర్చునే పని కాదు" అన్నారు. ఎండ సంగతి కర్నూలు పిల్లకు మీరు చెప్పాలా సార్ అని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను.

ఈ ప్రశ్నకు ఐసోటోపులు జవాబు చెబుతాయి. ఒకే మూలకానికి చెందినవే, బరువులో కాస్త తేడా ఉన్న పరమాణువులు. ఆకాశం నుంచి వచ్చే కిరణాల తాకిడికి గాలిలో ఒక రకం బెరిలియం పుడుతుంది. అది వానతో దిగి మట్టి రేణువులకు అతుక్కుంటుంది. ఇంకొకటి సీజియం. అది ప్రకృతి ఇచ్చింది కాదు. నేను పుట్టడానికి చాలా ముందు పెద్ద దేశాలు అణుబాంబులు పేల్చి చూసుకున్నప్పుడు లేచిన దుమ్ములోది. బాంబులు ఎవరివో, ఎడారి ఎవరిదో, దుమ్ము మాత్రం మా గుట్ట కింద కూడా పడింది. అటక మీద పెట్టి మరిచిపోయిన బిందె మీద దుమ్ము పేరుకున్నట్టు, ఎవరూ కదపని నేలలో ఈ రెండూ పైపొరలో పేరుకుని ఉంటాయి. ముఖ్యంగా సీజియం జానెడు లోతు దాటి దిగదు. పైపొరలో అది లేదంటే ఆ పైపొరను ఎవరో తీసేశారనే అర్థం.

అందుకని నాకు అన్నిటికంటే ముందు కావలసింది ఎవరూ దున్నని, తవ్వని, ఎత్తిపొయ్యని ఒక చోటు. దాన్ని కొలబద్దగా పెట్టుకుని మిగతా చేలలో మట్టి ఎంత పోయిందో చూడాలి. ఆ ఒక్క చోటు తప్పయితే మిగతా అంతా తప్పే. చెప్పినంత తేలిక కాదు దొరకడం. ఆలూరు దాకా తిరిగాను. బీడు అని చూపించినచోట కూడా ఎప్పుడో ఒకప్పుడు నాగలి తిరిగింది, లేకపోతే రోడ్డు కోసం మొరం తవ్వుకుపోయారు. ప్రతి చేను సంగతీ ముగ్గురిని అడగాలని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. చేను గలాయన్ని, పక్క చేనాయన్ని, ట్రాక్టరు తోలేవాడిని. ముగ్గురి మాటా ఒకటైతేనే నోట్‌బుక్కులో టిక్కు. ఈ పద్ధతి మా డిపార్ట్‌మెంటులో అందరికీ గొప్పగా చెప్పుకున్నదాన్ని కూడా నేనే.

ఆర్నెల్లు తిరిగాక, చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నానని నాకు తట్టింది. మా వైపు సేద్యం చేసే కుటుంబాల్లో చాలామంది చనిపోయినవాళ్లను సొంత చేనులోనే ఒక మూలన పూడ్చుకుంటారు. ఆ మూలలోకి నాగలి పోదు. మిగతా చేనంతా ఎంత కరువొచ్చినా దున్నుతారు గానీ ఆ మూలలో గడ్డి కూడా కొయ్యరు. మా చేను ఈశాన్యపు మూలలో తాత, అవ్వ, మా నాన్న ఉన్నారు. తాత, అవ్వ సమాధులకు పాతకాలంలోనే రాతితో గట్టు కట్టారు. నాన్నది తర్వాత కట్టిన సిమెంటు సమాధి.

నాన్న కామెర్లు ముదిరి పోయేనాటికి నేను పదో తరగతిలో ఉన్నాను. తర్వాత నన్ను చదివించింది మా చిన్నాయన, అంటే నాన్న తమ్ముడు. ఇంటర్‌కు కడపలో హాస్టల్లో చేర్పించింది ఆయనే. నన్ను దింపి, గేటు బయట చెట్టుకింద సాయంత్రం దాకా కూర్చున్నాడని, నేను ఏడుస్తూ బయటికి వస్తే వెనక్కి తీసుకుపోదామని కనిపెట్టుకుని ఉన్నాడని వాచ్‌మన్ చెబితే తెలిసింది. నేను కడపలో ఉన్నప్పుడే ఆయన కల్లూరులో ఇల్లు కట్టాడు. అమ్మను కూడా అక్కడికే తెచ్చి పెట్టుకున్నాడు. సెలవులకు వచ్చేసరికి కొత్త ఇల్లు, కడప బండలు పరిచిన చల్లటి నేల, కిటికీ ఉన్న గది. "ఈ గది నీదే పాపా" అన్నాడు. ఆయనకు పెళ్లి కాలేదు. మా ఇద్దరి కోసమే చేసుకోలేదని ఊళ్లో అనేవాళ్లు. ఆయనను నేను నాన్నకంటే ఎక్కువ నమ్మాను. నాన్నను నమ్మే వయసు వచ్చేసరికి నాన్న లేడు.

అటువంటి మనిషిని నేను ముగ్గురిలో ఒకడిగా ఎలా చూస్తాను?

అడిగిన రోజు బాగా గుర్తుంది. ఇద్దరం చేనుకు పోయాం. సమాధుల మూలలోకి చెప్పులు వేసుకుని పోకూడదు, గొంతు పెంచి మాట్లాడకూడదు, అక్కడ నిలబడి అబద్ధం ఆడకూడదు. చిన్నప్పుడు మాకు ఇవన్నీ నేర్పింది చిన్నాయనే. గట్టు దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్లాక అడిగాను.

"చిన్నాయనా, ఈ మూలను ఎవరైనా ఎప్పుడైనా తవ్వినారా? దున్నినారా? మన్ను ఏమైనా తీసినారా? బాగా ఆలోచించి చెప్పు. నా చదువంతా దీని మీద ఆధారపడి ఉండాది."

ఆయన కాసేపు తాత సమాధి వైపు చూశాడు. పాత సంగతులు గుర్తు చేసుకుంటున్నాడనుకున్నాను.

"ఈడ ఎవురు చెయ్యి పెడతారు పాపా? మీ తాత కాలం నుంచి ఇట్లనే ఉండాది."

నోట్‌బుక్కులో టిక్కు పెట్టాను. పక్క చేనాయన్ని అడగలేదు. ట్రాక్టరు తోలేవాడిని అడగలేదు. మా పెద్దల సమాధుల సంగతి ఊళ్లోవాళ్లను అడగడమంటే మా చిన్నాయన మాట మీద నాకు నమ్మకం లేదని చాటుకోవడమే. మా ఊళ్లో ఆ పని ఎవరూ చెయ్యరు. నేనూ చెయ్యలేదు. వేరే ఎవరి చేనులోనైనా ఈ తప్పు చేసి ఉంటే సారు నన్ను ఉతికి ఆరేసేవారు.

మట్టి తియ్యడం మొదలుపెట్టిన రోజు చిన్నాయనే టెంకాయ తెచ్చి కొట్టాడు. నాన్న సమాధి ముందు చేతులు కట్టుకుని, "అన్నా, పాప రోంత మన్ను తీసుకుంటాది. ఏమనుకోవాకు" అని పైకే చెప్పాడు. నాకు కళ్లు తిరిగిపోయేంత ఏడుపొచ్చింది. సమాధులకు ఐదారడుగుల దూరం వదిలి, అక్కడక్కడా ఏడు చోట్ల నేనూ చిన్నాయనా బర్మా దింపాం. నేలకు రంధ్రం చేసి మట్టిని పైకి తీసే మనిషెత్తు ఇనప బర్మా అది, పైన అడ్డకర్ర ఉంటుంది. చెరోవైపు ఇద్దరు పట్టి తిప్పితే తప్ప మా నేలలో దిగదు. కింద కుళ్లిన రాయి తగిలేదాకా దింపి, బెత్తెడుకు ఒకటి చొప్పున మట్టిని కవర్లలో కట్టి, లోతు రాసి పెట్టుకున్నాను.

ఒక మాట ఒప్పుకోవాలి. పైన ఉండాల్సిన నల్లటి, వేళ్లు అల్లుకున్న మట్టి అక్కడ బెత్తెడు కూడా లేదు. గరుకు ఎర్రమొరం తొందరగా వచ్చేసింది. అది నా కళ్లకు కనిపించింది. "గుట్ట వాలు కదా, పొర పల్చన" అని నాకు నేనే సమాధానం చెప్పుకుని అదే నోట్‌బుక్కులో రాసుకున్నాను. పరాయి చేను అయితే ఆ మాట రాసేదాన్ని కాదు.

మూడేళ్లు ఆ కొలబద్ద మీద కట్టుకుంటూ పోయాను. చుట్టుపక్కల చేలలో నమూనాలు, గుట్ట రాయి నమూనాలు, వాగు ఒండ్రు. రాతిలోని పలుగురాయి గింజలను ఏరి, యాసిడ్లలో కడిగి, పెద్ద యంత్రం ఉన్న వేరే ఊరి ల్యాబుకు పంపి, నెలల తరబడి వంతు కోసం ఎదురుచూడటం. సమాధుల మూల మట్టిని మాత్రం చివరికి పెట్టుకున్నాను. అది ఎటూ సరిగ్గానే వస్తుందని ధీమా. దాని వంతు వచ్చాక, ముందు పైపొర నమూనాలను మా డిపార్ట్‌మెంటులోనే సీసపు పెట్టె లోపల ఉండే డిటెక్టరులో పెట్టాను. రెండు రోజుల తర్వాత తెర మీద చూస్తే సీజియం ఉంటే పైకి లేవాల్సిన చోట గీత చదునుగా ఉంది.

మొదట డిటెక్టరును తిట్టాను. తర్వాత నన్ను తిట్టుకున్నాను, కవర్లు మార్చానేమోనని. మళ్లీ పెట్టాను. అదే. ఏడు చోట్లా పైపొరలో సీజియం లేదు. ల్యాబు నుంచి బెరిలియం లెక్క కూడా వచ్చింది. ఎంతో లోతున ఉండాల్సినంత తక్కువ బెరిలియం పైన ఉంది.

సారు కాగితాలు చూసి కళ్లజోడు తీశారు.

"ఈ చోట పైపొర లేదమ్మా. ఎవరో తీశారు. అది కూడా ఈ మధ్యనే. ఇంట్లో అడుగు."

"మా పెద్దల సమాధులు సార్ అక్కడ. ఎవరు తీస్తారు?"

"అది నాకేం తెలుసు? మట్టి చెబుతున్నది నేను చెబుతున్నాను."

ఆయన మీద అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. మా చిన్నాయన మాటకంటే మీ గీత గొప్పదా అన్నట్టుగా ఏదో అనేసి బయటికి వచ్చేశాను. తర్వాత క్షమాపణ చెప్పాననుకోండి. ఆయన నవ్వి వదిలేశారు. ఆ వారం కల్లూరు వెళ్లి, అన్నం తింటూ ఇంట్లో ఇద్దరికీ సంగతంతా చెప్పాను. లెక్క తేడా వచ్చిందని, ల్యాబులో ఏదో పొరపాటు జరిగిందని, మూడేళ్ల పని ఆగిపోయేలా ఉందని. అమ్మ నా కంచంలో ఇంకో ముద్ద వేసింది. చిన్నాయన "మిషన్లను నమ్మేకి లేదులే పాపా, ఇంగోసారి చూడు" అన్నాడు. ఆ ఓదార్పు పట్టుకుని మళ్లీ బర్మా మూటగట్టుకుని చేనుకు పోయాను.

ఈసారి చిన్నాయన రాలేదు. మోకాళ్ల నొప్పులన్నాడు. ఒక కూలి మనిషిని పెట్టుకుని తవ్విస్తుంటే పక్క చేను మామ వచ్చాడు. ముస్లిం కుటుంబం వాళ్లది, మా తాత కాలం నుంచి గట్టు కలిసిన చేలు. నన్ను ఎత్తుకుని ఆడించిన మనిషి.

"ఏమ్మా, మళ్లా తవ్వుతాండావు? పోయినసారి తీసింది సాల్లేదా?"

"తేడా వచ్చింది మామా. పైమన్ను లేదని చెప్తాంది మిషన్."

"ఉంటే గదా చెప్పేకి!" అని నవ్వాడాయన. "ఉన్న మన్నంతా మీ చిన్నాయన టిప్పర్లకెత్తి కల్లూరు ఇంటికి తోలించినాడు. ఆ టిప్పర్లు తిరిగి తిరిగే నా గట్టు తెగిపాయ. తర్వాత మీ బాయి తవ్వినప్పటి మన్ను కుప్ప ఉంటే, అది తెచ్చి ఈడ సమం చేసిరి."

నేను బర్మా వదిలేశాను. అది కూలి మనిషి కాలి పక్కన పడింది.

మామ నా మొహం చూసి నవ్వు ఆపాడు. "నీకు తెలీదా? ఊరంతా చూసిందే గదమ్మా" అన్నాడు మెల్లగా.

ఊరంతా చూసిందే. పెద్దల అమావాస్యకు ఏటేటా నేను కొత్తబట్ట, వండిన అన్నం తీసుకుని చేనుకు పోతుంటే దారిలో ఎదురయ్యే ప్రతి మనిషికీ తెలిసిందే. బావి లోతుల్లోంచి తీసిన మన్నులో ఏ వాన దుమ్ము ఉంటుంది? గీత చదునుగా రాక ఏం చేస్తుంది? డిటెక్టరు పాపం మొదటిరోజు నుంచీ నిజమే చెబుతోంది.

షేర్ ఆటోలో కల్లూరు చేరేసరికి మధ్యాహ్నం. చిన్నాయన వరండాలో కుర్చీలో ఉన్నాడు. అమ్మ కింద కూర్చుని కందిపప్పు ఏరుతోంది. నేను చెప్పులు కూడా విప్పకుండా అడిగాను.

"ఈ ఇంటికి మన్ను యాడనుంచి తోలినారు?"

ఆయన అమ్మను చూశాడు. ముందు నన్ను చూడాల్సిన మనిషి అమ్మను చూశాడు. అప్పుడే నాకు సగం అర్థమైంది.

"ప్లాటు గుంతలో ఉన్నింది పాపా" అన్నాడు. "వానొస్తే మోకాటి నీళ్లు. చేన్లో తీద్దామంటే బుడ్డల పైరు నిండుగా ఉన్నింది. ఆ మూల ఒకటే ఖాళీ. పైపైన రోంత తీస్తే ఏమవుతాదిలే అనుకుంటి. అవ్వ, తాత గట్లు ముట్టొద్దని చెప్పి నేను టీ తాగి వచ్చేలోపల జేసీబీవాడు మిషన్ పెట్టి మోకాటి లోతు గీకేసినాడు."

"మరి నాయన?"

"అప్పటికి మీ నాయనకు గట్టు కట్టలేదు గదా. మన్ను కుప్ప, తలకాడ రాయి, అంతే. రాయి తీసి పక్కన పెట్టినాము."

"మళ్లీ యాడ పెట్టినారు?"

"ఉన్నచోటనే పెట్టి, తర్వాత ఆడనే సిమెంటు కట్టించినాము."

"నేలంతా గీకేసినాక ఉన్నచోటని ఎట్ల తెలిసింది?"

పప్పు ఏరుతూనే అమ్మ అంది, "దగ్గర దగ్గర ఆడనే లేవే."

దగ్గర దగ్గర. నాన్నను పూడ్చిన చోటును అమ్మ అలా చెప్పింది, బస్టాండు ఎక్కడని అడిగితే చెప్పినట్టు. ఆ సిమెంటు సమాధి మీద ఏటేటా నేను నీళ్లు పోశాను. పరీక్షల మార్కులు చెప్పాను. పీహెచ్‌డీలో సీటు వచ్చిన రోజు బస్సు దిగి ఇంటికి రాకుండా నేరుగా అక్కడికి పోయి చెప్పాను. ఖాళీ నేలకు చెప్పాను. ఇద్దరూ నా పక్కనే నిలబడి చేతులు జోడించి చూశారు.

"నేను తవ్వుతానని అడిగిన రోజు ఎందుకు చెప్పలేదు?" నా గొంతు వీధిలోకి వినబడుతోందని తెలుస్తూనే ఉంది. "సమాధుల కాడ, చెప్పులిడిచి, ఎవురూ చెయ్యి పెట్టలేదని చెప్పినావే!"

"నువ్వు తీసుకునేది మన్నే గదా, ఏ మన్నైతే ఏమి అనుకుంటి పాపా. ఇదంతా మిషన్లకు తెలుస్తాదని నాకేం ఎరుక?"

"మొన్న అన్నం తింటా చెప్పినప్పుడు? తేడా వచ్చిందని, నా పని ఆగిపోయిందని చెప్పినప్పుడు?"

దానికి జవాబు అమ్మ చెప్పింది. "చెప్తే ఏమొస్తాది? నీకు బాధ, ఆయనకు సిగ్గు. ఇల్లు కట్టింది ఎవురి కోసరం? నువ్వు కడప నుంచి వస్తే నీడన ఉంటావని గదా. ఆయన తన కోసరం కట్టుకున్నాడా?"

నాకు అన్నిటికంటే కాలింది ఇక్కడే. తప్పు చేశామని ఒక్క ముక్క అంటే ఏడ్చి ఊరుకునేదాన్నేమో. నా కోసమని చెప్పి నాన్న మీది మట్టి తీశారు. నా కోసమని చెప్పి దాచారు. ఇప్పుడు అడిగితే నాకు కృతజ్ఞత లేదంటున్నారు. మూడేళ్ల నా పని పోవడం ఒకవైపు, ఒక్క నిమిషం ఆయన తల దించుకోవడం ఒకవైపు పెట్టి చూసుకుని, నా మూడేళ్లు పోతేనే మేలనుకున్నారు ఇద్దరూ. నన్ను ప్రేమించలేదని అనను. ప్రేమించారు. ప్రేమిస్తూనే నన్ను మోసం చేశారు. అందుకే అది ఇంకా మింగుడు పడటం లేదు.

చిన్నాయన లేచి లోపలికి పోయి గడ్డపార తెచ్చాడు. "నీ గదిలో బండ లేపి మన్ను ఇయ్యమంటావా? ఎంత కావాలంటే అంత తీసుకో" అన్నాడు. పాపం, ఆయన నిజంగానే అన్నాడు. మన్ను తిరిగి ఇచ్చేస్తే తీరిపోతుందనుకున్నాడు. టిప్పర్లలో కలగాపులగమై ఇంటికింద పడిన మట్టి నాకు ఎందుకూ పనికిరాదని చెప్పే ఓపిక కూడా నాకు లేదు. బ్యాగు తీసుకుని వచ్చేశాను.

అంతా విన్నాక సారు, "వేరే కొలబద్ద వెతుకుదాం" అన్నారు. శ్రీశైలం దారిలో అడవి అంచున ఒక చోటు ఉందని, అయితే అక్కడి రాయి వేరని, మళ్లీ మొదటినుంచి చూసుకోవాలని చెప్పారు. సరేనన్నాను. సమాధుల మూల నమూనాలను పారేసేముందు మాత్రం ఒక పని చేశాను. సీజియం కోసం లోతు మట్టిని ఎవరూ చూడరు. అంత కిందికి అది దిగదు కాబట్టి చూడటం దండగ. నేను ఏడు గుంతల మట్టినీ పైనుంచి కిందిదాకా ఒక్కొక్క కవరూ డిటెక్టరులో పెట్టాను. ఏదైనా మిగిలిందేమో చూడాలనిపించింది. రెండు నెలలు పట్టింది.

ఆరు గుంతల్లో ఏమీ లేదు. ఐదో గుంతలో, పైన ఏమీ లేదు గానీ, ఛాతీ లోతున గీత లేచింది.

వాన సీజియాన్ని అంత లోతుకు దించలేదు. పార దించగలదు. ఒకప్పుడు అక్కడ ఎవరో లోతుగా గుంత తవ్వి, పైమట్టిని కిందికి పోసి పూడ్చారు. ఆ మూలలో తాతకూ అవ్వకూ గట్లున్నాయి, అవి కదల్లేదు. లెక్కకు మిగిలిన గుంత ఒక్కటే.

సిమెంటు సమాధికి పక్కగా ఆరడుగులు పోతే నాన్న ఉన్నాడు. ఆయనకు కాలు తగలకూడదని, ఆయన నిద్ర చెడకూడదని దూరం జరిగి జరిగి, చెప్పులు విడిచి, సరిగ్గా ఆయన మీదే నేను బర్మా నిలబెట్టాను. ఎముక ఏదీ పైకి రాలేదు. ఆ సంగతి ఎన్నిసార్లు గుర్తు తెచ్చుకున్నానో చెప్పలేను. ప్రతి కవరూ నా చేత్తో కట్టిందే, రాలేదు.

ఆ ఐదో గుంత నాకు బాగా గుర్తుంది. మిగతా ఆరు చోట్ల అడ్డకర్ర మీద బరువంతా వేసి, ఇద్దరం చెమటలు కక్కుతూ తిప్పాం. అక్కడ మాత్రం బర్మా తేలిగ్గా దిగిపోయింది. "ఈడ ఎంత మెత్తగా ఉండాదో చూడు చిన్నాయనా" అని నేను నవ్వాను కూడా. అప్పటిదాకా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్న మనిషి మాట్లాడటం మానేశాడు. తల వంచుకుని, కర్ర వదలకుండా, కింద రాయి తగిలేదాకా నాతోపాటు తిప్పాడు.